కోడి ఈక, నీలి కుండ, కాన్వాసు

నైజీరియా చిత్రకారిణి నికె డేవిస్-ఒకుండాయె గురించి రాసినవాళ్లంతా దాదాపు ఒకే మాట అంటారు: తరతరాల అద్దకాన్ని తీసుకొచ్చి ఆవిడ ఆధునిక చిత్రకళలో కలిపారని. మాట గౌరవంగానే ఉంది. 1951లో ఒగిడి అనే పల్లెలో పుట్టి, ముత్తవ్వ దగ్గర నేతా అద్దకమూ నేర్చుకుని, బడి చదువు పెద్దగా లేకుండానే లాగోస్‌లో అంతస్తుల మీద అంతస్తులుగా ఓ చిత్రశాలను నిలబెట్టిన మనిషికి ఆ గౌరవం దక్కవలసిందే. ఆవిడ కాన్వాసులు చూసినప్పుడు కూడా ఆ మాట నిజమేననిపిస్తుంది. నేలంతా గళ్లుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో గడిలో ఒక్కో అద్దకపు నమూనా, ఆ నమూనాల్లోంచే ఆడవాళ్ల ముఖాలూ తలగుడ్డలూ పైకి తేలుతుంటాయి. కాని ఆ మెచ్చుకోలు వెనక చెప్పకుండా పెట్టుకున్న లెక్క ఒకటుంది. అద్దకం పాతదట, చిత్రకళ కొత్తదట. అద్దకం పల్లె ఆడవాళ్ల చేతిపని, చిత్రకళ చదువుకున్నవాళ్ల ఆలోచన. యోరుబా అద్దకం చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఈ లెక్కకు ఒప్పుకోలేరు. ఇవాళ మనం ఆదిరె అని పిలుచుకునే బట్ట రూపుకట్టిందే ఆధునిక కాలంలో, దిగుమతి గుడ్డ మీద, సంతలో అమ్ముకోవడానికి. అందులో ఒక ముఖ్యమైన శాఖ మొదటినుంచీ చేత్తో వేసిన బొమ్మ. నికె రెండు కళలను కలపలేదు. చాలాకాలంగా చిత్రకళే అయి ఉండి ఆ పేరుకు నోచుకోని పనిని, ఆ పేరుతో పిలవక తప్పని చోటికి చేర్చారు.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూడాలి, ఎందుకంటే వాదమంతా అందులోనే ఉంది. ఆదిరె నైరుతి నైజీరియాలో యోరుబా ఆడవాళ్లు నీలిమందుతో చేసే అద్దకం. రంగు అంటకూడని చోటును ముందే కట్టడి చేసుకుని, ఆ తర్వాత గుడ్డను కుండలో ముంచడం దీని పద్ధతి. కట్టడి చేసే తీరును బట్టి రకాలు ఏర్పడ్డాయి. రాఫియా నారతో ముడులు బిగించి అద్దితే అది ఒనికో. సూదీదారంతో కుచ్చులు కుట్టి అద్దితే అలబెరె. జిగురు పూసి అద్దితే ఎలెకో. ఈ మూడోదాని కోసం కర్రపెండలం పిండిలో మైలుతుత్తం కలిపి జావలా కాస్తారు. గుడ్డను మడతపెట్టి గళ్ల గుర్తులు తెచ్చుకుని, ఆ జావలో కోడి ఈకనో తాటాకు ఈనెనో ముంచి, గడి తర్వాత గడి బొమ్మ వేసుకుంటూ పోతారు. పూత ఒక వైపే. అది ఎండాక గుడ్డ అలారో, అంటే అద్దకపుమనిషి, కుండకు వెళ్తుంది. అక్కడి నీలి మన పొలాల్లో ఒకప్పుడు పండిన మొక్క కాదు, ఎలు అనే అడవి తీగ. దాని లేతాకును దంచి ముద్దలు చేసి ఎండబెట్టి, బూడిద నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఆడవాళ్ల వృత్తులను కాచే ఇయా మాపో దేవతకు మొక్కుకుని మొదలుపెట్టే పని ఇది. కుండ చెడిపోతే నష్టమంతా ఆ ఇంటి ఆడమనిషిదే గనక ఆ మొక్కు ఉత్త ఆచారం కాదు. కుండలోంచి తీసినప్పుడు పసుపుపచ్చగా కనబడే గుడ్డ గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. ఆరబెట్టి మళ్లీ ముంచుతారు, మళ్లీ ఆరబెడతారు. చివరికి జిగురు గీకేస్తే చిక్కటి నీలం మీద లేతనీలం గీతలు మిగులుతాయి. జిగురు రంగును పూర్తిగా ఆపదు, కొంచెం లోపలికి రానిస్తుంది. ఆ గీతల మెత్తదనానికి అదే కారణం.

ఇంత సన్నగీత చేతినేత ముతక గుడ్డ మీద నిలవదు. నీలి అద్దకం యోరుబా నాట చాలా పాతది, ముడులు కట్టి అద్దడమూ పాతదే. జిగురుతో బొమ్మ వేసే పని మాత్రం నున్నటి మిల్లు గుడ్డ చవగ్గా దొరికాకే పుంజుకుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాంచెస్టర్ తానులు లాగోస్ రేవులో దిగుతుంటే, వాటిని లోపలి పట్నాలకు తీసుకుపోవడానికి రైలు వచ్చింది. 1901 నాటికి ఆ పట్టాలు అబెయొకుటా మీదుగా ఇబాదాన్ చేరాయి. అబెయొకుటా అప్పటికి అంత పాత ఊరు కూడా కాదు. యుద్ధాల్లో ఊళ్లు పోగొట్టుకున్న ఎగ్బా జనం 1830లో ఒలుమో గుట్ట అండన కట్టుకున్న పట్నం అది. అక్కడి కెమ్టా పేటలో, ఎగ్బా ఆడవాళ్లకు పెద్దగా ఇయాలొడె పదవి నడిపిన జొజొలొలా లోగిలిలో ఆదిరె మొదలైందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆవిడ పెద్ద వర్తకురాలు కూడా. అంటే ఊరి జ్ఞాపకంలో సైతం ఈ కళ పుట్టిల్లు గుడీ కాదు, రాజుగారి కోటా కాదు, ఒక వ్యాపారస్తురాలి లోగిలి. అబెయొకుటాలో త్వరలోనే రేకు అచ్చులు వచ్చాయి. విదేశీ సరుకు పెట్టెల లోపల పరిచే పల్చటి రేకును మగవాళ్లు బొమ్మలుగా కత్తిరించి, దానిమీద జిగురు తోసేవాళ్లు. ఇబాదాన్ ఆడవాళ్లు మాత్రం కోడి ఈకనే నమ్ముకున్నారు.

పరాయి గుడ్డ మీద పని చేస్తే అది తమది కాకుండా పోతుందన్న బెంగ పశ్చిమాఫ్రికా ఆడవాళ్లకు ఎన్నడూ ఉన్నట్టు కనబడదు. దీనికి మన తీరం నుంచే సాక్ష్యం ఉంది. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ల గుడ్డ ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అనే పేరుతో నైజీరియాకు ఓడలెక్కింది. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబరి జనం దాన్ని ఇంజిరి అంటారు, పుట్టుకకూ చావుకూ ఆ గుడ్డ ఉండాలి వాళ్లకు. అక్కడి ఆడవాళ్లు ఆ గళ్లలోంచి ఎంచి ఎంచి కొన్ని పోగుల్ని బ్లేడుతో కోసి లాగేస్తారు. చూస్తుండగా మన నేతగాడు ఊహించని కొత్త నమూనా బయటపడుతుంది. దాన్ని పెలెటె బిటె అని, తమ సొంత బట్ట అని చెప్పుకుంటారు. యోరుబావాళ్లు వేరు, కలబరివాళ్లు వేరు. అయినా కొన్న గుడ్డను ముడిసరుకుగా చూసే ఆ చూపు రెండుచోట్లా ఒకటే. గుడ్డ ఎక్కడినుంచి వచ్చిందన్నది వాళ్ల దృష్టిలో ధరకు సంబంధించిన విషయమే.

అలా వేసిన బొమ్మల్లో ఏముండేవి? తాబేళ్లు, పక్షులు, తేళ్లు, ఆకులు ఉండేవి. సముద్ర దేవత పేరు మీద ఒలొకున్ అనే నమూనా ఉండేది. ఇక్కడితో ఆగిపోతే దీన్ని జానపద అలంకారమని సర్దుకోవచ్చు. కాని ఇబాదాన్‌లో 1929లో బ్రిటిషువాళ్ల హయాంలో మాపో హాల్ లేచింది, గుట్టమీద పెద్ద పెద్ద స్తంభాలతో. ఎక్కువ కాలం పట్టకుండానే ఆ స్తంభాలు గుడ్డ మీదికెక్కాయి, చెంచాల వరసల పక్కన. ఆ నమూనా పేరు ఇబాదాన్‌దున్, ఇబాదాన్‌లో బతుకు బాగుందని దాని భావం. 1935లో అయిదో జార్జి పాలనా రజతోత్సవం జరిగితే రాజూ రాణీ బొమ్మలు అండాకారపు చట్రాల్లో ఒలొబా అనే బట్టకెక్కాయి. అదే బట్ట మీద ముస్లిం ఇళ్లలో గోడకు తగిలించే అచ్చుపటాల్లోని రెక్కల గుర్రం కూడా ఉంది. క్రైస్తవ సామ్రాజ్యపు రాజు, ఇస్లామ్ పటంలోని బురాక్, యోరుబా నీలి, లాంకషైర్ మిల్లు గుడ్డ అన్నీ ఒక చుట్టుబట్టలో ఇమిడిపోయాయి. సంవత్సరంతో సహా చెప్పగలిగే ఇలాంటి బొమ్మలు వేసినవాళ్లను కాలం తెలియని సంప్రదాయానికి కాపలాదారులుగా చూపించడం అన్యాయం. వాళ్లు పట్నం చూస్తున్నారు, పండగ చూస్తున్నారు, ఏది అమ్ముడుపోతుందో చూస్తున్నారు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే లాగోస్‌లో ఐనా ఒనబొలు (1882–1963) బొమ్మలు వేస్తున్నాడు. 1920లో లండన్ వెళ్లి సెయింట్ జాన్స్‌వుడ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుని వచ్చి, తైలవర్ణ చిత్రాలు వేసి, నైజీరియా బడుల్లో చిత్రలేఖనం పాఠం కోసం పట్టుబట్టిన మనిషి ఆయన. నైజీరియా ఆధునిక చిత్రకళకు ఆద్యుడని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆయన ఘనత తగ్గించవలసిన పని లేదు. ఆఫ్రికావాడికి చిత్రలేఖనం రాదని పాలకులు నమ్ముతున్న రోజుల్లో వాళ్ల పద్ధతిలోనే వేసి చూపించాడు. కాని పక్కపక్కన పెట్టి చూడండి. ఒనబొలు దిగుమతైన గుడ్డను చట్రానికి బిగించి, దిగుమతైన రంగుతో, అక్కడి పెద్దమనుషుల ముఖాలు వేశాడు. ఇబాదాన్ ఆడవాళ్లు దిగుమతైన గుడ్డను చాపమీద పరిచి, సొంత నీలితో, అక్కడి కట్టడాలనూ పండగలనూ వేశారు. ఆధునికమంటే కొత్త సామగ్రితో తన కాలాన్ని గీయడమే అయితే రెండు పనులూ ఆధునికమే. ఒకటి చిత్రకళ, రెండోది చేతిపని అయ్యాయంటే ఆ గీత గీసింది గుడ్డ కాదు, బడి. సంతకం పెట్టిన మగవాడి పని పటమైంది, ఒంటికి చుట్టుకునే గుడ్డ మీద ఆడవాళ్ల పని నమూనా అయింది.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గానే ఊహించవచ్చు. చిత్రకారుడు ఒక పటాన్ని ఒకసారే వేస్తాడు, అద్దకందారులు ఒకే నమూనాను వందలసార్లు వేస్తారు, కాబట్టి రెండూ ఒకటి కావని. అబెయొకుటా రేకు అచ్చుల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. వాటిని అచ్చుపని అనడమే సబబు, దాని గొప్పదనం దానికుంది. ఇబాదాన్ ఈక పనికి ఇది వర్తించదు. ఒలొకున్ అనే పేరు ఒకటే గాని, చేతితో వేసిన ఏ రెండు ఒలొకున్‌లూ ఒకలా ఉండవు. గళ్ల ఏర్పాటు నియమం, గడిలో ఏది ఎలా కూర్చోవాలన్నది వేసే చేతి ఇష్టం. తాళం మారకుండా సంగతులు మారుతుంటే దాన్ని పాట కాదనం కదా. పైగా నమూనాలు అరిగిపోయిన దారిలోనే నడిచాయనుకుంటే ఇబాదాన్‌దున్ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఎవరో ఒకామె మొదట ఆ స్తంభాన్ని ఈకతో నిలబెట్టింది. మిగతావాళ్లు ఆమెను అనుసరించారు. పేరు మనకు అందలేదు కనుక సృష్టికర్తే లేదనుకోవడం తర్కంలో పొరపాటు.

రెండో అభ్యంతరం మరికాస్త పదునైనది. నికె ఎదిగిన యోరుబా పట్నం ఒషొగ్బోలోని చిత్రకళా వాతావరణం యూరప్‌వాళ్లు కల్పించిందేనని, అక్కడ పుట్టిన కళను యోరుబా చరిత్రకు అంటగట్టడం బలవంతపు పని అని. ఇందులో వాస్తవం ఉంది. ఉల్లి బయర్ దంపతుల చొరవతో, నాటకకర్త డూరో లడిపో నడిపిన ఎంబారి ఎంబాయో కేంద్రం చుట్టూ 1960ల మొదట్లో కార్యశాలలు జరిగాయి. కాగితం, రంగులు, కొనేవాళ్లు అక్కడినుంచే వచ్చారు. నాట్యగాడిగా ఊరూరా తిరిగిన ట్విన్స్ సెవెన్ సెవెన్ 1964లో అక్కడే చిత్రకారుడయ్యాడు. నికె తర్వాత ఆయన భార్యల్లో ఒకరయ్యారు. స్థానికులు రంగురంగుల మిల్లు అచ్చు గుడ్డల వైపు మళ్లిపోతున్న ఆ కాలంలో ఆదిరెను అడిగి కొన్నది ఎక్కువగా విదేశీయులేనన్నదీ కాదనలేం. అయితే నేర్పినది ఎవరు, నేర్చినది ఎవరు అని కూడా అడగాలి. 1950లో నైజీరియా వచ్చి, తర్వాత ఒషొగ్బోలో స్థిరపడి ఒషున్ దేవత తోపులో శిల్పాలు లేపిన ఆస్ట్రియా కళాకారిణి సుసాన్ వెంగర్ జిగురు అద్దకంతో పెద్ద పెద్ద పటాలు చేశారు. ఆ పద్ధతి ఆవిడ వియన్నా నుంచి తెచ్చుకున్నది కాదు, యోరుబా ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నది. నికెకు ఆ విద్య ఒషొగ్బో చేరకముందే ఒగిడిలో చేతికొచ్చింది. ఉత్తరాన జరియాలోనూ ఇదే వరస. అక్కడ చదువుకున్న ఉచె ఒకెకె 1960లో సహజ సమన్వయమనే సిద్ధాంతం రాసి, తర్వాత ఇగ్బో ఆడవాళ్లు ఒళ్లమీదా గోడలమీదా వేసే ఉలి గీతను తన చిత్రాల్లోకి తెచ్చుకున్నాడు. ఆ గీతలో ఆయనకు గురువుల్లో ఒకరు కన్నతల్లి. బడి నేర్చిన మగవాళ్లు ఆడవాళ్ల గీతను ‘కనుగొన్న’ ప్రతిచోటా ఆ గీత అప్పటికే పూర్తిగా ఎదిగి ఉంది. నికె కథలో తేడా ఏమిటంటే ఆ గీత ఎవరిదో వాళ్లే దాన్ని కాన్వాసు మీదికి తెచ్చారు. 1968లో లాగోస్‌లోని గోథె ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి ప్రదర్శన, 1974లో అమెరికాలో చేతిపనుల బడికి ప్రయాణం, 1983లో ఒషొగ్బోలో సొంత శిక్షణ కేంద్రం, అన్నీ ఆ క్రమంలో జరిగినవే.

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర సగం జవాబే ఉంది. ఆదిరె ఒంటికి చుట్టుకునే బట్ట. నడిస్తే కదులుతుంది, ఉతికితే వెలుస్తుంది, బిడ్డను వీపున కట్టుకోవడానికి పనికొస్తుంది. చట్రానికి బిగించిన కాన్వాసుకు ఇవేవీ లేవు. అంతకంటే లోతైన నష్టం మరొకటుంది, దాన్ని విమర్శకులు తక్కువగా గమనిస్తారు. ఎలెకోలో గీసే చేయి రంగు ఎక్కడ రావాలో గీయదు, ఎక్కడ రాకూడదో గీస్తుంది. తెల్లగుడ్డ మీద మసక జిగురు పూస్తూ, రేపు చుట్టూ కమ్ముకునే నీలాన్ని ఇవాళే మనసులో చూడగలగాలి. పైగా ఆఖరి మాట కుండది. కలంతోనో అక్రిలిక్ రంగుతోనో కాన్వాసు మీద అదే తాబేలును వేస్తే గీత నేరుగా గీతగానే వస్తుంది. నమూనా మిగిలింది, తిరగేసి ఆలోచించే ఆ పద్ధతి మిగల్లేదు. నికె కాన్వాసుల్లో కొన్ని అతి నిండుగా, కళ్లకు ఊపిరి సలపనివ్వకుండా ఉండటానికి ఇదే కారణమని నా అనుమానం. కుండ వేసే అడ్డుకట్ట లేనప్పుడు చేయి ఎక్కడ ఆగాలో దానికి ఎవరూ చెప్పరు. తన కేంద్రాల్లో నీలికుండను కూడా బతికించి పిల్లలకు నేర్పుతున్నారు గనక ఆవిడకు ఈ తేడా బాగా తెలుసుననే అనుకోవాలి. ఆ కాన్వాసులు కుండకు బదులు వచ్చినవి కావు, పక్కన వచ్చినవి.

అయితే ‘అసలైన ఆదిరె పోతోంది’ అనే బాధకు కూడా ఒక చరిత్ర ఉంది, అది తెలిస్తే ఆ మాట ఎవరు ఎప్పుడు అంటున్నారో గమనించడం అలవాటవుతుంది. 1920లలో అబెయొకుటా ఆదిరెకు పశ్చిమాఫ్రికా తీరమంతా గిరాకీ ఉండేది, సెనెగల్ వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఆ తర్వాతి దశాబ్దంలో ప్రపంచమంతటా ధరలు పడిపోయాక అమ్మకాలు దిగజారాయి. ఖర్చు తగ్గించుకోవడానికి అద్దకందారులు కాస్టిక్ సోడా, కృత్రిమ నీలి వాడటం పెంచారు. పులియబెట్టే రోజులు కలిసొచ్చాయి గాని రంగు నిలకడ మీదా గుడ్డ మన్నిక మీదా ఫిర్యాదులు వచ్చాయి. పట్నపు రాజు అలాకె రెండో అడెమొలా ఆ రెంటినీ నిషేధించాడు. పేరు కాపాడాలన్నది ఆయన మాట. పొట్ట గడవాలన్నది అద్దకందారుల మాట. వాళ్లు ఊరుకోలేదు, గొడవ 1936లో విచారణ సంఘం దాకా వెళ్లింది. సరుకు చెడిందంటే తప్పు సోడాదే అన్నారు పైవాళ్లు, కొనేవాళ్ల చేతిలో డబ్బు లేకపోవడం గురించి అంతగా మాట్లాడలేదు. పదేళ్లు తిరిగేసరికి అదే పట్నపు సంత ఆడవాళ్లు ఫున్మిలాయో రాన్సమ్-కుటి నాయకత్వంలో పన్నుల మీద తిరగబడ్డారు, 1949లో అదే అలాకె గద్దె దిగవలసివచ్చింది. సంప్రదాయపు స్వచ్ఛత అనేది ఈ వృత్తిలో చాలాసార్లు పని చేసేవాళ్లకు పైనుంచి విధించిన షరతుగానే వచ్చింది. సోడా వాడిన అమ్మ ఆదిరెకు ద్రోహి కానట్టే అక్రిలిక్ వాడిన నికె కూడా కారు.

ఇవాళ అబెయొకుటా ఇటోకు సంతలో నీలికుండ పని తక్కువ. నురుగు స్పాంజిని అచ్చుగా కోసి, వేడి మైనంలో ముంచి, గుడ్డ మీద కొట్టి, పొట్లాల రంగుల్లో ముంచే పని ఎక్కువ, అది కుర్రవాళ్లు కూడా చేస్తున్నారు. దాని పక్కనే ఆదిరె నమూనాలను మిల్లులో అచ్చేసి చైనా నుంచి పంపిన తానులు తక్కువ ధరకు దొరుకుతాయి. మాంచెస్టర్ గుడ్డ మీద యోరుబా చేయి పనిచేసి బతికింది, ఈ కొత్త సరుకులో ఆ చేయికి చోటే లేదు. దీనికి కాన్వాసులు విరుగుడు కాలేవు, అంత భారం వాటిమీద వేయకూడదు. కాని అవి ఒక పని చేశాయి. 1960, 70లలో యూరప్, అమెరికా మ్యూజియంలు కొనుక్కుపోయిన ఒలొకున్, ఇబాదాన్‌దున్ బట్టల పక్కన సాధారణంగా ఉండేది జాతి పేరూ, పట్నం పేరూ, సుమారు కాలమూ. వేసినామె అప్పటికి బతికే ఉండవచ్చు, కొన్న సంతకు నాలుగు వీధుల అవతలే ఉండవచ్చు, అయినా పేరు అడిగి రాసుకున్నవాళ్లు అరుదు. నికె కాన్వాసు పక్కన పేరుంటుంది, పుట్టిన సంవత్సరం ఉంటుంది, ఏ రంగుతో ఏ గుడ్డ మీద వేశారో ఉంటుంది. ఆ పక్క గదిలోని బట్టల చీటీలను కూడా ఇప్పుడు తిరిగి రాయవలసిన పని పడింది, ఇబాదాన్‌లో ఈక పట్టిన చేతులు తెలిసిన ముసలివాళ్లు కొందరైనా మిగిలి ఉండగానే.